గ్రేట్ సర్కిల్ మ్యాపర్: దూరానికి భేష్, టైముకి వేరే చోట చూసుకోండి

రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం చెప్పే సైట్లకు కొదవ లేదు. వాటిలో కళ్లు మూసుకుని నమ్మదగ్గది గ్రేట్ సర్కిల్ మ్యాపర్. చూడ్డానికి పాతకాలం సైటే, లెక్క మాత్రం గట్టిది. భూమిని నున్నటి బంతి అనుకోకుండా, ధ్రువాల దగ్గర నొక్కుకుపోయిన అసలు ఆకారంతోనే లెక్క కడుతుంది. బంతి లెక్కలో అర శాతం దాకా తేడా పడొచ్చు. 15,000 కి.మీ. మీద అది 75 కి.మీ.!

ఊరి పేరు కాకుండా ఎయిర్‌పోర్టు మూడక్షరాల కోడ్ కొట్టండి. బర్మింగ్‌హామ్ ఇంగ్లండ్‌లోనూ ఉంది, అలబామాలోనూ ఉంది. కోడ్‌ల మధ్య అడ్డగీత పెడితే అవి ఒకే రూటుగా కలుస్తాయి, కామా పెడితే ఇంకో రూటు మొదలవుతుంది. సింగపూర్ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకి నేరుగా ఒకటి, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా ఇంకొకటి ఇచ్చి చూడండి. నేరుగా 15,350 కి.మీ. దగ్గర వస్తుంది, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా ఇంకో వెయ్యి పైచిలుకు. యూనిట్ ఏముందో ఒకసారి చూసుకోండి. మామూలు మైలు 1.609 కి.మీ., నాటికల్ మైలు 1.852. ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటే 15 శాతం తప్పు.

ఇక ప్రయాణ సమయం. చాలా కాలిక్యులేటర్లు చేసేదల్లా దూరాన్ని గంటకు 800 లేదా 900 కి.మీ.తో భాగించి, ఓ అరగంట కలపడమే. 900తో ఆ లెక్కన సింగపూర్–న్యూయార్క్ పదిహేడున్నర గంటలు. టైమ్‌టేబుల్లో పద్దెనిమిదిన్నర పైనే ఉంటుంది. మ్యాప్ మీద గీత దాదాపు ఉత్తర ధ్రువం మీదుగా పోతుంది. విమానం మాత్రం గాలి కలిసొచ్చేలా తరచూ పసిఫిక్ వైపు తిరుగుతుంది. పైగా టైమ్‌టేబుల్ సమయం గేటు నుంచి గేటుకి, రన్‌వే దాకా పాకడం కూడా అందులోదే.

గాలి సంగతి తేలిగ్గా తీసుకోకండి. లండన్ నుంచి న్యూయార్క్ వెళ్లేటప్పుడు దాదాపు ఎనిమిది గంటలు, వచ్చేటప్పుడు ఏడు. దూరం అదే, జెట్ స్ట్రీమ్ అనే ఎత్తులోని వేగమైన గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది కాబట్టి తేడా. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి వెనక నుంచి తోస్తే ఓ బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. రానూపోనూ ఒకే సమయం చూపించే కాలిక్యులేటర్‌ని అక్కడే పక్కన పెట్టేయొచ్చు.

మూసేసిన గగనతలం ఇంకో తలనొప్పి. హెల్సింకి–టోక్యో 7,800 కి.మీ. చిల్లర, ఒకప్పుడు తొమ్మిదిన్నర గంటలు. 2022లో రష్యా దారి మూతపడ్డాక 13 గంటల దాకా పడుతోంది. ఏ ఫార్ములాకీ ఇది తెలియదు.

కాబట్టి దూరం ఇక్కడ చూసుకుని, టైము కోసం విమానాల్ని ట్రాక్ చేసే ఫ్లైట్‌రాడార్24 సైట్లో ఫ్లైట్ నంబరు కొట్టండి. ఉచితంగానే గత వారం రోజుల రికార్డు కనిపిస్తుంది. అక్కడిచ్చే ఫ్లైట్ టైము గాల్లో ఉన్నంతసేపే, టాక్సీయింగ్, అంటే నేల మీద పాకే సమయం, మీరే కలుపుకోవాలి.