పాత మారుతి 800 తుప్పుకి రస్ట్ కన్వర్టర్: ఇంట్లోనే వాడి చూశాక నా రివ్యూ

మాది విశాఖపట్నం, ఇల్లు సముద్రానికి బాగా దగ్గర. ఈ ఉప్పుగాలికి కిటికీ ఊచలే ఊరికే తుప్పు పట్టేస్తాయి, అలాంటిది 2004 మోడల్ మారుతి 800 ఇన్నేళ్లు షెడ్డు లేకుండా బయట ఉంటే పట్టకుండా ఎలా ఉంటుంది చెప్పండి. బండి నాన్నగారిది, ఇంజను ఇప్పటికీ సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది, ఆయనకి ఆ బండి అమ్మే ఆలోచనే లేదు. పైగా 15 ఏళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్‌కి చూపించాలి కాబట్టి బాడీని అలా వదిలేయడం కుదరదు. టింకరింగ్ షెడ్డులో అడిగితే ఫుల్ పెయింటింగ్ చేయాల్సిందే అన్నారు, వాళ్లు చెప్పిన రేటు దాదాపు బండి రీసేల్ రేటంత ఉంది. అందుకే ఇంట్లోనే చేద్దామని రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పుని గట్టి నల్ల పొరగా మార్చేసే మందు, ఒక సీసా తెచ్చాను. నా దగ్గరున్న సామాను వైర్ బ్రష్, పాత స్క్రూడ్రైవర్, ఎమరీ పేపర్లు, డ్రిల్ మిషన్‌కి తగిలించే వైర్ కప్పు, అంతే. కంప్రెసర్ లేదు, వెల్డింగ్ లేదు.

కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, ఎందుకంటే నేను చెప్పేది ఈ రకం సీసాలన్నిటికీ వర్తిస్తుంది. షాపులో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి నీళ్లలా పల్చగా ఉంటుంది, అది ఫాస్ఫారిక్ యాసిడ్ రకం, పూశాక కొన్నిటిని కడగాలి కొన్నిటిని అలాగే ఆరనివ్వాలి, లేబుల్ చదవకుండా మాత్రం మొదలెట్టకండి. రెండోది పాలలా తెల్లగా చిక్కగా ఉంటుంది, అందులో టానిక్ యాసిడ్‌తో పాటు ఒక పాలిమర్ కూడా ఉంటుంది, ఆరాక అదే ఒక పొరలా నిలబడుతుంది. నేను వాడింది ఈ రెండోది, ఇంట్లో చేసుకునేవాళ్లకి నేను దీన్నే సిఫార్సు చేస్తాను.

ఇది పనిచేసే తీరు చూస్తుంటే నిజంగా ముచ్చటేస్తుంది. వెనక చక్రం పైన మడ్‌గార్డ్ అంచు దగ్గర పెయింట్ పొక్కులు లేచిపోయి ఉంటే స్క్రూడ్రైవర్‌తో లేపాను, పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది, కింద నారింజ రంగు తుప్పు. వైర్ కప్పుతో గీకి, 80 నంబర్ పేపర్‌తో రుద్ది, థిన్నర్ గుడ్డతో తుడిచి, బ్రష్‌తో పల్చగా ఒక కోటు వేశాను. కాసేపటికే ఆ తెల్లటి పాలు బూడిద రంగులోకి, అక్కడ్నుంచి ఊదాలోకి, తర్వాత నల్లగా మారిపోయింది. తుప్పులో ఉన్న ఐరన్ ఆక్సైడ్‌తో టానిక్ యాసిడ్ కలిసి ఐరన్ టానేట్ అనే గట్టి నల్ల పదార్థం తయారవుతుంది, ఆ రంగు మార్పు అదే. ఎక్కడైనా తెల్లగానే ఉండిపోయిందంటే అక్కడ తుప్పు లేదని అర్థం, శుభ్రంగా మెరిసే రేకు మీద దీనికి చేసే పనేమీ ఉండదు, అక్కడ నేరుగా ప్రైమర్ కొట్టుకోవాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. సీసా ఉంది కదా అని గీకకుండా పూసేస్తే లాభం లేదండి. మందు పైపైన ఉన్న కొంచెం తుప్పునే మారుస్తుంది, దళసరి పెచ్చుల కిందికి దిగదు, పైన నల్లగా అందంగా కనిపిస్తుంది కానీ కింద తుప్పు తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కి చూడండి, రేకు గట్టిగా ఉంటే మందు పని, మెత్తగా దిగిపోతే అది చిల్లు కిందే లెక్క, దానికి ఏ సీసా పనికిరాదు. నా బండికి డ్రైవర్ డోర్ కింద రన్నింగ్ బోర్డు దగ్గర మొన సర్రున లోపలికి దిగిపోయింది. అది మాత్రం వెల్డింగ్ అబ్బాయి దగ్గరకే తీసుకెళ్లాను, కుళ్లిన రేకు కోసేసి కొత్త ముక్క అతికించాడు. సీటు బెల్టు బిగించే చోటు, సస్పెన్షన్ తగిలే చోటు, రన్నింగ్ బోర్డు, ఇలాంటి బరువు మోసే భాగాలకి లప్పం పూసి రంగు కొట్టేయడం ప్రాణాలతో చెలగాటం, దయచేసి చేయకండి. బరువు మోయని చోట, అంటే ఫెండర్ అంచులో చిన్న చిల్లు లాంటిదైతే ఫైబర్ మ్యాట్ వేసుకోవచ్చు, మన తీరంలో చేపల వేటకి వెళ్లే ఫైబర్ బోట్లకి వాడే మ్యాట్ అదే, కాకపోతే రేకుకి పట్టు బాగుండాలంటే మామూలు రెజిన్ కన్నా ఎపాక్సీ మంచిది. అది కూడా కొన్నాళ్ల కోసమే అనుకోండి.

మందు పూర్తిగా ఆరాక నేను ఎపాక్సీ ప్రైమర్ వేశాను. చాలామంది రెడాక్సైడ్ కొట్టేసి వదిలేస్తారు, గేట్లకి సరే గానీ అది తేమని బాగా ఆపలేదు, మా ఊరి గాలికి అసలు సరిపోదు. లప్పం కూడా అంతే, చెమ్మ పీల్చుకునే గుణం ఉంది, అందుకే ఉత్త రేకు మీద కాకుండా ఎపాక్సీ మీద పల్చగా లాగి, 180తో మొదలెట్టి 320 వరకు రుద్దాను. ఎండలో హార్డెనర్ కలిపిన లప్పం గబగబా బిగుసుకుపోతుంది, కొంచెం కొంచెంగా కలుపుకోండి. పైన సుపీరియర్ వైట్ స్ప్రే డబ్బా. దగ్గరికెళ్లి చూస్తే పాత తెలుపుకీ కొత్త తెలుపుకీ తేడా తెలుస్తుంది, 20 ఏళ్ల ఎండ తిన్న రంగుతో కొత్త డబ్బా ఎలా కలుస్తుంది, నాన్నగారికి మాత్రం అది అసలు పట్టలేదు, బండి చుట్టూ తిరిగి చూసుకుని చాలా సంతోషపడ్డారు.

వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు. విశాఖలో గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే, గీకి తళతళలాడే రేకుని సాయంత్రం దాకా అలా వదిలేస్తే మళ్లీ లేత నారింజ పొర వచ్చేస్తుంది, కాబట్టి ఏ ముక్క గీకితే ఆ ముక్కకి అదే పూట మందు పడాలి. జనవరి ఫిబ్రవరి బాగుంటుంది. చేతులకి గ్లౌజులు, గీకేటప్పుడు కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి, వైర్ కప్పు నుంచి తీగ ముక్కలు సూదుల్లా ఎగిరొస్తాయి.

ఒక వానాకాలం గడిచింది. మడ్‌గార్డ్ అంచు, బ్యాటరీ ట్రే, డిక్కీ మ్యాట్ కింద ఫ్లోర్, మూడు చోట్లా మళ్లీ పొక్కులు లేవలేదు. కానీ ఎడమ డోర్ అడుగున మాత్రం మళ్లీ గోధుమరంగు మరక కనిపించింది, అక్కడ తప్పు మందుది కాదు, డోర్ కింద నీళ్లు పోయే కన్నాలు మట్టితో మూసుకుపోయి లోపల నీళ్లు నిలబడుతున్నాయి, తుప్పు లోపలి నుంచి బయటికి వస్తోంది. కన్నాలు పుల్లతో పొడిచి శుభ్రం చేసి, డోర్ లోపలి వైపు క్యావిటీ వ్యాక్స్, అంటే లోపలి ఖాళీల్లో తుప్పు పట్టకుండా కొట్టే మైనం లాంటిది, కొట్టాను. మీరు సీసా కొనే ముందే ఈ కన్నాలు, గ్లాస్ బీడింగ్ రబ్బర్లు, మ్యాట్ కింద చెమ్మ చూసుకోండి, నీళ్లు వచ్చే దారి మూయకపోతే ఎంత ఖరీదైన మందైనా ఆగదు.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది లేబుల్ మీద గీకాల్సిన అవసరమే లేదన్నట్టు రాసినందుకు, అది చదివి ఎంతమంది పైపైన పూసేసి బండి పాడు చేసుకుంటారో. చిన్న కారుకి అర లీటరు సీసా బోలెడు. వాడేటప్పుడు కావాల్సినంత ప్లాస్టిక్ కప్పులో పోసుకోండి, తుప్పు అంటిన బ్రష్‌ని నేరుగా సీసాలో ముంచితే లోపలున్న మందంతా రియాక్ట్ అయిపోయి గడ్డకట్టేస్తుంది, కప్పులో మిగిలింది కూడా తిరిగి పోయకూడదు.