కర్నూలులో ఏవియేషన్, షిప్పింగ్ మేనేజ్‌మెంట్ డిగ్రీ: చేరేముందు చూసుకోండి

మా తమ్ముడు చదివే కాలేజీ పేరు రాయను. బ్రోచర్ నిండా విమానాలే, కానీ 2021 నుంచీ నడుస్తున్న ఓర్వకల్లు ఎయిర్‌పోర్టుకైనా పిల్లల్ని ఒక్కసారి తీసుకుపోలేదు. ఇంత ఫీజు కట్టించుకుని ఇదేం చోద్యం!

కార్గో చెప్పే సార్ మాత్రం బంగారం. బనగానపల్లె మామిడి దుబాయికి పంపుతున్నట్టు కాగితాలన్నీ పిల్లలతోనే రాయించి, ఓడలో పంపే సరుకుకిచ్చే ఆర్డర్ బిల్ ఆఫ్ లేడింగ్ అనే పత్రాన్ని ఎండార్స్ చేసి (వెనక సంతకం పెట్టి) ఇస్తే సరుకు మీద హక్కే చేతులు మారుతుందని, విమానంలో పంపే సరుకుకిచ్చే ఎయిర్ వేబిల్లుతో అట్లా కుదరదని, అది ఉత్త రవాణా ఒప్పందం, రసీదేనని బుర్రకెక్కేలా చెప్తాడు.

ఓడరేవుల సబ్జెక్టు నోట్సుతోనే సరి. నూరు శాతం ప్లేస్‌మెంట్ అంటే ఎక్కువగా గ్రౌండ్ స్టాఫ్ ఉద్యోగాలే, జీతం ముందే అడగండి. పైలట్ అవ్వాలనుకునేవాళ్లకు ఈ కోర్సు కాదు. షిప్పింగే కావాలంటే విశాఖలో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది, ముందు అక్కడి కోర్సులు చూడండి.