165 వాట్ల నల్ల డబ్బా లైటు: రెండడుగుల రీఫ్ ట్యాంకుకి పనికొస్తుందా?

ఆన్‌లైన్‌లో రీఫ్ ఎల్‌ఈడీ (పగడాలు, అంటే కోరల్స్ పెంచే ఉప్పునీళ్ల ట్యాంకు లైటు) అని వెతికితే ముందుగా తగిలే నల్ల రేకు డబ్బా ఇదే. పేర్లు పది ఉన్నా లోపలి సరుకు ఇంచుమించు ఒకటే: 3 వాట్ల చిప్‌లు 55, పైన రెండు ఫ్యాన్లు, నీలానికో నాబ్, తెలుపుకో నాబ్. 165 అన్నది చిప్‌లని లెక్కగట్టి చెప్పే అంకె. వాట్ మీటరు పెట్టి చూస్తే ఫుల్లుమీద కూడా 110–120 దాటదు. రీఫ్‌కి వాడే సెట్టింగులో అందులో సగం కూడా లాగదు కాబట్టి కరెంటు బిల్లు గురించి బెంగ అక్కర్లేదు.

బరంపురం, పర్లాకిమిడి వైపు షాపుల్లో మెరైన్ లైటని ఇచ్చేవాటిలో చాలావరకు మామూలు తెల్ల లైటే, పక్కన నాలుగు నీలం చిప్‌లు గుచ్చి ఉంటాయి. వాటికింద చేపలు బాగానే కనిపిస్తాయి, కోరల్స్ మాత్రం సరిగ్గా ఎదగవు. కోరల్ ఒంట్లో ఉండే సూక్ష్మ ఆల్గే దానికి తిండి తయారుచేస్తుంది. ఆ ఆల్గేకి ముఖ్యంగా కావాల్సింది 400–480 నానోమీటర్ల నీలి వెలుగు. ఆ విషయంలో ఈ డబ్బాకి వంక పెట్టలేం.

ఇక బలం సంగతి. జోవాంథస్, మష్రూమ్, లెదర్ లాంటి మెత్తటి రకాలకి పార్ (ఆ ఆల్గే వాడుకోగల వెలుతురు కొలత) 50–100 చాలు. యూఫిలియా వంటి ఎల్‌పీఎస్‌కి (పెద్ద మొగ్గల్లాంటి పాలిప్‌లున్న రాతి పగడాలు) 75–150, ఆక్రోపోరా వంటి ఎస్‌పీఎస్‌కి (చిన్న పాలిప్‌లున్న రాతి పగడాలు) 250 పైన కావాలి. 60×45×45 సెంటీమీటర్ల ట్యాంకులో మొదటి రెండు రకాలకి ఈ లైటు ఒక్కటి సరిపోతుంది. ఎస్‌పీఎస్‌కి నడిమధ్య పై రాళ్లమీద మాత్రమే చోటు, మూలల్లో వెలుతురు బాగా పడిపోతుంది. ఫోన్ లక్స్ యాప్‌తో కొలిచి మురిసిపోకండి, అది నీలాన్ని సరిగ్గా చదవదు.

నీటికి 25–30 సెంటీమీటర్ల ఎత్తున వేలాడదీయండి. నీలం 30 శాతం, తెలుపు 5 శాతంతో మొదలుపెట్టి, వారానికి 5 శాతం చొప్పున నీలాన్ని 50–60 దాకా పెంచండి. తెలుపుని 15 దగ్గర ఆపేయండి, అంతకు మించితే రాళ్లమీద పాచి పట్టడం ఖాయం. రోజుకి 8–9 గంటలు చాలు. చాలామంది చేసే పని, డబ్బా విప్పిన రోజే రెండు నాబ్‌లూ చివరిదాకా తిప్పడం. వెలుతురు ఒక్కసారిగా ఎక్కువైతే ఆల్గేలో విషపు ఆక్సిజన్ పుట్టుకొస్తుంది, కోరల్ ఆ ఆల్గేని బయటికి నెట్టేసి తెల్లగా మారిపోతుంది. జోవాంథస్‌లు మూతి ముడుచుకుని పాలిపోతే వెలుతురు ఎక్కువైందని, కాడలు సాగదీసి గోధుమరంగుకి తిరిగితే తక్కువైందని అర్థం. రెండో దాన్ని సరిచేయడం తేలికే, మొదటిదానికి నెలలు పడుతుంది.

ఈ లైటుకి అసలు రోగం ఫ్యాన్లు. గోపాలపూర్ గాలి తగిలే ఇళ్లలో అయితే ఉప్పు పేరుకుని బేరింగు ముందు గరగరమంటుంది, తర్వాత ఆగిపోతుంది. ఫ్యాన్ ఆగితే చిప్‌లు వేడెక్కుతాయి. అవి సిరీస్‌లో ఉంటాయి గనక ఒకటి పోతే ఆ వరుస మొత్తం ఆరిపోవచ్చు. నెలకోసారి ప్లగ్గు పీకి బ్రష్‌తో దులపండి. మార్చాల్సివస్తే పాతదాని వోల్టు, సైజు చూసి కంప్యూటర్ షాపులో అలాంటిదే తెచ్చుకోవచ్చు. ట్యాంకుకి గాజు మూత ఉంటే చిమ్మే నీళ్లు ఆగుతాయి, కానీ మూతమీద పేరుకునే తెల్లటి పొర తుడవకపోతే వెలుతురూ ఆగుతుంది. వైరు ప్లగ్గుకన్నా కిందికి జారి మళ్లీ పైకి ఎక్కేలా వదలాలి, జారిన నీటి బొట్టు అక్కడే రాలిపోతుంది. ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) లేకుండా ఉప్పునీళ్ల ట్యాంకు జోలికే వెళ్లొద్దు.

లోపల టైమర్ లేదు. నీలానికి, తెలుపుకి వైర్లు విడిగా ఉన్న మోడల్ కొని రెండు టైమర్లు పెట్టండి. తిప్పుడు టైమర్ వద్దు, కరెంటు పోయినంతసేపూ అది ఆగిపోతుంది, వారం తిరిగేసరికి లైటు రాత్రి పదింటికి వెలుగుతుంటుంది. బ్యాటరీ ఉన్న డిజిటల్‌ది తీసుకోండి. ఇన్వర్టర్‌కి మాత్రం లైటు కలపొద్దు, దాని మీద వేవ్‌మేకర్ (నీళ్లని కదిలించే పంపు) పెట్టండి. కోరల్స్ ఒకటి రెండు రోజులు చీకట్లో ఓర్చుకుంటాయి, నీటి కదలిక లేకపోతే చేపలు ఓర్చుకోవు.

వేడి సంగతి ఊరిని బట్టి మారుతుంది. నీళ్లు 25–27 డిగ్రీలుండాలి. చంద్రపూర్ పొడి ఎండల్లో ట్యాంకుమీద ఫ్యాన్ పెడితే నీళ్లు బాగా చల్లబడతాయి, ఆవిరైనంత ఆర్‌ఓ నీళ్లు రోజూ పోసుకోవాలంతే. బరంపురం ఉక్కపోతలో నీళ్లు అంతగా ఆవిరి కావు, మే నెలలో చిల్లర్ (నీళ్లని చల్లబరిచే మెషీను) తప్పదు.

ఏఐ ప్రైమ్, కెస్సిల్ ఏ360ఎక్స్ అనే రీఫ్ లైట్లు దీనికంటే ఎన్నో రెట్లు ఖరీదు. ప్రైమ్‌ని ఫోన్‌నుంచే నడపొచ్చు, తెల్లవారినట్టు నెమ్మదిగా వెలుగుతుంది. కెస్సిల్ కింద ఇసుకమీద నీటి అలల నీడలు ముచ్చటగా ఆడతాయి. నల్ల డబ్బాలో చిప్‌లు ఎడంగా ఉండటంతో ఇసుకమీద ఎర్ర, నీలం మచ్చలు విడివిడిగా పడతాయి. కొందరికి అది చికాకు, కోరల్‌కి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఎస్‌పీఎస్ పెంచే ఉద్దేశం ఉంటే ఇది కొనొద్దు, మొదటే మంచిది కొనండి. అన్నట్టు రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉన్నాయి, దిగుమతి కాగితాలు చూపించలేని అమ్మకందారు దగ్గర ముక్క కూడా తీసుకోకండి.