రొయ్యల గుంట మీద నేర్చిన పనికి క్రెడిట్: ఫైలు మేలా, గట్టు మీద పరీక్ష మేలా?

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపో, కొత్తపట్నం వైపో ఏళ్లుగా రొయ్యల గుంటల మీద పనిచేస్తున్న మనిషికి కోర్సు పెట్టి, మేత వేయడం ఎలాగో మొదటి పాఠం చెబితే రెండో రోజు రాడు. తెలిసిన పనికి ముందే క్రెడిట్ ఇచ్చేసి, అంటే ఆ భాగం కోర్సులో చదివేసినట్టే లెక్క వేసి, తెలియనిది మాత్రమే నేర్పాలి. మరి తెలుసని తేల్చేదెలా?

రాత పరీక్ష చవక, తొందరగా అయిపోతుంది. కానీ ఏడో తరగతిలో బడి మానేసినవాడు ప్రశ్న చదవడంలోనే ఓడిపోతాడు. దాన్ని పక్కన పెట్టేద్దాం.

ఫైలు పద్ధతిలో గుంట రికార్డుల నకళ్లు, ఫోన్‌లో తీసిన ఫొటోలు, యజమాని ఇచ్చిన లెటర్ జతచేస్తారు. వెనామీ రకం రొయ్యల పంట మూడు నాలుగు నెలల వ్యవహారం. తెల్లమచ్చ వైరస్ తగిలిన పంటలో ఆ మనిషి ఏం చేశాడో ఫైలులో దొరకొచ్చు. పరీక్ష రోజున జబ్బు రమ్మంటే రాదు కదా! అయితే రికార్డు యజమాని దగ్గరే ఉంటుంది. పని మానేసి పక్క ఊరు వెళ్లినవాడికి ఆయన లెటర్ ఇస్తాడా? ఇక రొయ్యల ప్లాంట్లలో తలలు తీసే ఆడవాళ్ల చేతిలో ఏ కాగితమూ ఉండదు.

గట్టు మీద పరీక్షకైతే పరీక్షకుడు తెల్లవారకముందే గుంట దగ్గరికి రావాలి. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది అప్పుడే. నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు ఎప్పుడు వేస్తున్నాడు, గుంటలో దించిన చెక్ ట్రే ఎత్తి మిగిలిన మేత చూశాక తర్వాతి మేత ఎంత తగ్గిస్తున్నాడు, ఇవి కళ్లెదుటే తేలిపోతాయి. "మబ్బు పట్టిన రోజు మేత ఎందుకు తగ్గిస్తావు?" అని అడిగితే వచ్చే జవాబు పది పేజీల ఫైలుకన్నా ఎక్కువ చెబుతుంది. ఖర్చు మాత్రం ఎక్కువే. ఒక ఉదయంలో చూడగలిగేది కొద్దిమందినే. పరీక్షకుడికి ఆ పని రాకపోతే అంతా దండగ.

నా ఓటు గట్టుకే. జబ్బుల సంగతి ఫొటోలు చూపించి నోటితో అడగొచ్చు. ఫైలు సూపర్‌వైజర్లకు, టెక్నీషియన్లకు సరిపోతుంది. మాటలతో మొదలుపెట్టడం నెల్లూరుకు కొత్తేమీ కాదు. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతుల్లో పెద్దవాళ్లు సారా గురించి మాట్లాడుకుంటూనే అక్షరాలు దిద్దారు. దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా అమ్మకం ఆపించేదాకా వెళ్లింది ఆ చదువు.

ఆరు నెలల సాయంత్రం బ్యాచ్ ఇక్కడ నడవదు. రాత్రిళ్లు ఏరియేటర్ల కాపలా ఉన్నవాడు సాయంత్రం క్లాసులో కునుకు తీస్తాడు. పంటకూ పంటకూ మధ్య చేరేలా కోర్సును చిన్న చిన్న ముక్కలు చేయాలి. జాతీయ క్రెడిట్ విధానంలో 30 గంటల చదువుకు 1 క్రెడిట్ కాబట్టి, ఒక్కో ముక్క 30 గంటలు పెడితే లెక్క సులువు. మేత, నీళ్ల పరీక్ష నెగ్గినవాడు ల్యాబ్ రిపోర్టులు, ఖర్చుల లెక్కలు మాత్రం నేర్చుకుంటే చాలు. అనుభవం ఎన్నేళ్లున్నా మదింపు లేకుండా క్రెడిట్ రాదని మొదటే చెప్పాలి.

ఇంకొకటి. ఇలాంటి నైపుణ్య సర్టిఫికెట్ దానంతటదే టెన్త్ కాదు. టెన్త్ అడిగే ఉద్యోగం మీద కన్నున్నవాళ్లను చేరే రోజే ఓపెన్ స్కూల్‌కు పంపాలి, ఫీజు కట్టించుకున్నాక కాదు.