మనీ (1993): కిడ్నాప్ చేసినవాళ్లకే టెన్షన్

మొన్న వానలకి భీమవరంలో బాబాయి వాళ్లింట్లో ఇరుక్కుపోయి, ఏం తోచక ‘మనీ’ మళ్లీ పెట్టాం. శివనాగేశ్వరరావు తీసిన సినిమా, నిర్మాత రాంగోపాల్ వర్మ. చేతిలో పైసా లేని జేడీ చక్రవర్తి, చిన్నా కలిసి డబ్బున్న జయసుధని ఎత్తుకొచ్చి మొగుడికి ఫోన్ చేస్తే, ఆ పరేష్ రావల్ భయపడాల్సింది పోయి లోలోపల పండగ చేసుకుంటాడు చూడండి, అసలు కామెడీ అక్కడ మొదలవుతుంది. హాలీవుడ్ ‘రూత్‌లెస్ పీపుల్’ ఛాయలున్నా, కుర్రాళ్ల డబ్బు తిప్పలు మాత్రం అచ్చంగా మనవే.

ఖాన్ దాదాగా బ్రహ్మానందం గురించి కొత్తగా చెప్పేదేముంది! హీరో ఫేసు అని పొగడగానే ఆ రౌడీ మొహం ఎలా వెలిగిపోతుందో చూసి బాబాయికి టీ పొలమారింది. ఒక్క ఏడాదిలో లక్షలు చూద్దామని వరిచేను తవ్వించి రొయ్యల చెరువు చేసి, వైట్‌స్పాట్ అనే రొయ్యల రోగం వచ్చి రెండు పంటలు పోగొట్టుకున్న మనిషి ఆయన, అందుకేనేమో కుర్రాళ్ల కిడ్నాప్ ప్లాన్ చూసి “ఒరేయ్, మేమూ ఇలాగే కాగితం మీద లెక్కేశాం రా” అని ఒకటే నవ్వు. పిన్ని మాత్రం నవ్వలేదు.

సెకండాఫ్ కాస్త సాగుతుంది. మాకైతే ఆ టైములోనే పకోడీలు వేగాయి.