తిరునళ్ళారు దాకా వెళ్తే తరంగంబాడిలో ఒక రాత్రి ఉండండి

కుంభకోణం చుట్టుపక్కల నవగ్రహ క్షేత్రాలకు వెళ్ళే తెలుగువాళ్ళకు లోటు లేదు. వైదీశ్వరన్ కోయిల్, తిరువెంకాడు, కీళపెరుంపళ్ళం, తిరునళ్ళారు అన్నీ టెంపో ట్రావెలర్‌లో చకచకా చుట్టేస్తారు. దారిలో ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద తరంగంబాడి వస్తుంది. ఎవరూ బండి ఆపరు. అలా తొమ్మిది గుళ్ళూ రెండు రోజుల్లో పూర్తి చేసి, నడుం పట్టుకుని ఇంటికి రావడం కంటే మధ్యలో ఒక రాత్రి ఇక్కడ ఆగడం మేలని నా అభిప్రాయం.

ఉత్తరం నుంచి వస్తుంటే ఎడమవైపు తిరగాలి. 1792లో కట్టిన తెల్లటి నగర ద్వారం దాటగానే కింగ్ స్ట్రీట్ మొదలవుతుంది. వీధి చివర సముద్రం, దాని ఒడ్డున డాన్స్‌బోర్గ్ కోట. ఈ ఊరు 1620 నుంచి 1845 దాకా డెన్మార్క్ వాళ్ళ చేతిలో ఉంది. వాళ్ళకు ఇక్కడ చోటిచ్చింది తంజావూరు రఘునాథ నాయకుడు. తెలుగులో కావ్యాలు రాసిన రాజు ఆయన. చివరికి డేన్లు దీన్ని, బెంగాల్లోని సేరంపూరుతో కలిపి, పన్నెండున్నర లక్షల రూపాయలకు ఇంగ్లిషువాళ్ళకు అమ్మేసి వెళ్ళిపోయారు.

కోట చిన్నదే. లోపల మ్యూజియం ఉంది కానీ గంటకు మించి పట్టదు. శుక్రవారం తెరవరు కాబట్టి ప్లాన్ వేసేటప్పుడే చూసుకోండి. నాకు కోట కంటే వీధే ఎక్కువ నచ్చింది. 1701 నాటి జయాన్ చర్చి, 1718లో కట్టిన న్యూ జెరూసలేం చర్చి పక్కపక్కనే అన్నంత దగ్గర. రెండో దాన్లో జీగెన్‌బాల్గ్ సమాధి ఉంది. 1706లో వచ్చి, తమిళం నేర్చుకుని, ఇక్కడే ప్రెస్సు పెట్టించి తమిళంలో బైబిల్ కొత్త నిబంధన అచ్చు వేయించిన జర్మన్ పాదిరి ఆయన. తర్వాత ఇదే మిషన్‌లో పనిచేయడానికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకున్నాడు. 1746 నుంచి జర్మనీలోని హాలేలో అచ్చయిన తొలి తెలుగు పుస్తకాలు ఆయనవే. ఇది తెలిశాక ఆ వీధిలో ఇంకోసారి నడవాలనిపించింది.

కోటకు కొంచెం పక్కగా, సరిగ్గా నీళ్ళ అంచున, మాసిలామణినాథర్ గుడి ఉంది. 1306లో పాండ్యుల కాలంలో కట్టారు. ముందు భాగం ఎప్పుడో సముద్రంలో కలిసిపోయింది. 2004 సునామీ కూడా ఈ ఊరిని గట్టిగానే దెబ్బతీసింది. ఒడ్డున రాళ్ళ కట్ట ఉంది. స్నానానికి మాత్రం ఇది మంచి బీచ్ కాదు. రాళ్ళు, లోతు, లాగేసే అలలు. పిల్లల్ని పాదాలు తడుపుకోవడం వరకే రానివ్వండి. ఇక్కడి గాలిలో ఓజోన్ ఎక్కువ, ఆరోగ్యానికి మంచిదని గర్వంగా చెబుతారు. నిజంగా ఓజోన్ అంత ఎక్కువుంటే ఊపిరితిత్తులకు చెడ్డది. గాలి హాయిగా ఉంటుంది, అది చాలు.

బస విషయానికి వస్తే ఇక్కడే కాస్త ఆలోచించాలి. సముద్రానికి ఎదురుగా, ఒకప్పటి కలెక్టర్ బంగ్లాను పాత కట్టడాల్లో హోటళ్ళు నడిపే నీమ్రానా సంస్థ వాళ్ళు బాగుచేసి హోటల్‌గా మార్చారు. ఎత్తైన పైకప్పు, చుట్టూ విశాలమైన వరండా. తెల్లవారుజామున మంచం దిగితే బీచ్. గదులు కొన్నే, ధర చిన్న ఊరి ధర కాదు. దంపతులిద్దరే అయితే, ఒక్క రాత్రికే కదా, ఖర్చు పెట్టొచ్చు. ఊళ్ళో చౌక గదులూ ఉన్నాయి. మేం చూసిన ఒకదాంట్లో గీజర్ పనిచేయదు, దుప్పటి మార్చమంటే రేపు అన్నారు. అలాంటి చోట డబ్బు ఇచ్చే ముందు గది చూడండి.

పదిహేను కిలోమీటర్ల లోపే కారైకాల్. అది పుదుచ్చేరి కిందికి వస్తుంది. హోటళ్ళు ఎక్కువ, భోజనానికి రకాలు ఎక్కువ, తిరునళ్ళారు పక్కనే. కానీ అక్కడ మందు చౌక, వారాంతంలో వచ్చే గుంపులు వేరు. పైగా శనివారం తిరునళ్ళారుకు జనం పోటెత్తుతారు, గదులు దొరకడమే కష్టం. శనివారమే వెళ్ళాలన్న పట్టుదల లేకపోతే మంగళ, బుధవారాలు పెట్టుకోండి.

పెద్దవాళ్ళు వెంట ఉంటే నా ఓటు తిరుక్కడయూరుకే. సుమారు ఎనిమిది కిలోమీటర్లు. అమృతఘటేశ్వరుడు, అభిరామి అమ్మవారి గుడి చుట్టూ షష్టిపూర్తికి వచ్చేవాళ్ళ కోసమే కట్టిన లాడ్జీలు బోలెడు. శాకాహార భోజనం వేళకు దొరుకుతుంది. మా అత్తయ్యగారు అక్కడి రసం రెండుసార్లు వడ్డించుకున్నారు, ఆవిడ అలా మెచ్చుకోవడం అరుదు. ఒక్కటే ఇబ్బంది, ముహూర్తాల రోజుల్లో తెల్లవారకముందే నాదస్వరం మొదలవుతుంది, పడుకోవడం కుదరదు. సాయంత్రం నాలుగింటికి ఆటోలో తరంగంబాడి వెళ్ళి చీకటి పడ్డాక తిరిగి రావచ్చు. రానూపోనూ, ఆగే సమయంతో కలిపి ముందే బేరం కుదుర్చుకోండి, లేకపోతే వెయిటింగ్ పేరుతో అడిగేది వేరేగా ఉంటుంది.

తరంగంబాడిలోనే ఉంటే రాత్రి భోజనం ముందే చెప్పి పెట్టుకోవాలి. ఊరు త్వరగా నిద్రపోతుంది. పొద్దున ఇడ్లీ, పొంగల్‌కు బస్టాండ్ వైపు చిన్న మెస్సులు చాలు.

ఎప్పుడు వెళ్ళాలంటే జనవరి నుంచి మార్చి మొదటి వారాల దాకా. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. మే నెలలో పొద్దున తొమ్మిది దాటాక కింగ్ స్ట్రీట్‌లో నిలబడలేం.

రైలుకైతే మయిలాడుదురైలో దిగాలి, అక్కడినుంచి సుమారు ముప్పై కిలోమీటర్లు, బస్సులున్నాయి. ఆ రైళ్ళు చెన్నై ఎగ్మోర్ నుంచి బయల్దేరుతాయి, మనవైపు రైళ్ళు ఎక్కువగా సెంట్రల్‌లో దింపుతాయి. రెండూ దగ్గరే కానీ మన రైలు లేటయితే టెన్షన్ తప్పదు. మధ్యలో కనీసం మూడు గంటలు ఉండేలా టికెట్లు తీసుకోండి.