కమీషనా, చందానా?

చౌక బేరాలు వెతికిపెట్టే సైట్ పెట్టాలంటే డబ్బు వచ్చే దారులు ముఖ్యంగా రెండు. అమ్మేవాళ్ల నుంచి కమీషన్, లేదా కొనేవాళ్ల నుంచి చందా.

కమీషన్ దారిలో జనం తొందరగా వస్తారు, ఎందుకంటే వాళ్లకు పైసా ఖర్చు లేదు. 2019లో ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ పేపాల్ సుమారు 400 కోట్ల డాలర్లకు, కూపన్లు వెతికిపెట్టే హనీ అనే కంపెనీని కొంటున్నట్టు ప్రకటించింది. అదీ ఈ బాపతు వ్యాపారమే. కానీ రోజువారీ లెక్క వేరు. ఒకాయన మన లింక్ నొక్కి హెడ్‌ఫోన్స్ చూస్తాడు, ఇంట్లో అడిగి మూడో రోజు కొంటాడు. లింక్ నొక్కాక ఫలానా గడువులోపు కొంటేనే మనకు కమీషన్. అమెజాన్‌లో అయితే మామూలుగా ఆ గడువు 24 గంటలే, కాబట్టి మన కష్టం గాలికి పోయినట్టే. సరుకు వాపసు ఇచ్చినా కమీషన్ పోతుంది. పైగా కమీషన్ ఎక్కువిచ్చే సరుకునే పైన పెట్టాలన్న ఆశ పుడుతుంది. నాకు అసలు భయం అక్కడే.

చందాలో ఆ టెన్షన్ లేదు, కొనేవాడి పక్షానే నిలబడొచ్చు. అయితే డబ్బు మిగుల్చుకోవడానికి వచ్చినవాడిని ముందే డబ్బు అడగడం కష్టం. చిల్లర సరుకులకు ఇది నడవదు. పెద్ద యంత్రాలు, ఆఫీసు సామాను కొనేవాళ్లయితే ఇస్తారు. నేనైతే చందాతో, ఒకే రకం సరుకుతో మొదలుపెడతాను.